ఓరుగల్లు తర్వాత మన కోటలు కొండలెక్కడానికి ఫిరంగులే కారణమా?

కోటబాట (ప్రశ్న):

ఓరుగల్లు కోటనూ కొండవీటి కోటనూ కొద్ది నెలల తేడాతో చూశాను. వెంటవెంటనే చూసినందువల్లనేమో, అప్పటినుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. కోటలను గురించి బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారన్న నమ్మకంతో అడుగుతున్నాను.

ఓరుగల్లు నేలకోట. లోపల ఏకశిల గుట్ట ఉన్నప్పటికీ కోటగోడ దాన్ని ఆసరా చేసుకుని కట్టింది కాదు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి ఎత్తు పెంచిన రాతిగోడ సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా తిరుగుతుంది. దానికి 45 బురుజులు, వెలుపల నీటి కందకం ఉన్నాయి. ఆ కందకం దాటి వెళితే దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దానికి మళ్ళీ వేరే కందకం. నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్ళు, నడిమధ్యన స్వయంభూ శివాలయం, దాని చుట్టూ తోరణాలు. ఎవరో పెద్ద వృత్తలేఖినితో నేలమీద గీసి కట్టినట్టు ఉంటుంది.

కొండవీడు పూర్తిగా వేరు. అక్కడ గోడ తనకు తానుగా ఒక ఆకారం తీసుకోదు. కొండ ఎటు తిరిగితే గోడ అటు తిరుగుతుంది, కొండ నిటారుగా ఉన్నచోట గోడ అవసరమే లేదన్నట్టు ఆగిపోతుంది. రెడ్డిరాజుల్లో అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. దాదాపు అదే కాలంలో రేచర్ల పద్మనాయకులు రాచకొండను, దేవరకొండను తమ స్థావరాలు చేసుకున్నారు. అంటే ఓరుగల్లు పడిపోయిన 1323 తర్వాత యాభై ఏళ్ళు తిరగకుండానే తెలుగునేల మీది ముఖ్యమైన రాజధానులు కొండలెక్కాయి.

నాతో వచ్చిన మిత్రుడు దీనికి ఒకే మాటలో కారణం చెప్పారు: ఫిరంగులు వచ్చాయి కనుక నేలకోటలకు కాలం చెల్లిందని. వినడానికి సబబుగానే ఉంది కాని, తేదీలు చూసుకుంటే నాకు పొసగడం లేదు. నిజంగా ఫిరంగులే కారణమా? కాకపోతే మరేమిటి? ఫిరంగులు వచ్చాక కొండకోటలు ఏమయ్యాయి?

శాసనాల చదువరి:

మీ సందేహం సరైనదే. తేదీలు పొసగవు.

ఓరుగల్లు మీద జరిగిన ముట్టడులలో గోడల మీద ప్రయోగించినవి రాళ్ళు విసిరే యంత్రాలు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పటి సంగతులను రాసిన అమీర్ ఖుస్రో, మట్టికోట ఎంత గట్టిగా ఉందంటే దానికి తగిలిన రాళ్ళు పిల్లలు ఆడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి పడ్డాయని వర్ణించాడు. కవి వర్ణన కనుక అతిశయం ఉండవచ్చు. కాని శత్రుపక్షపు కవి మెచ్చుకున్నది రాతిగోడను కాదు, మట్టిగోడను అన్నది గుర్తుంచుకోవలసిన విషయం. చివరికి కందకాన్ని మట్టితో పూడ్చిన తర్వాతే ఆ గోడను దాటగలిగారు. మట్టికోట చేజారిన తర్వాత ప్రతాపరుద్రుడు రాతికోటలోనుంచే సంధికి వచ్చాడు. ఆ తర్వాత ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ మొదటి ప్రయత్నం విఫలమైంది. ఢిల్లీలో సుల్తాను మరణించాడన్న వదంతి సైన్యంలో వ్యాపించి దండు చెదిరిపోవడం అందుకు ముఖ్య కారణం. 1323లో రెండవసారి వచ్చి కోటను పట్టుకున్నాడు. అంటే పద్నాలుగేళ్ళలో ఈ నేలకోట పలుమార్లు ముట్టడికి గురై, ఒకసారి సంధితోనూ ఒకసారి శత్రువు వెనుదిరగడంతోనూ బయటపడింది. దీన్ని బలహీనమైన కోట అనడానికి నాకు మనసొప్పదు.

ఇక ఫిరంగుల మాట. బహమనీలకూ విజయనగరానికీ మధ్య 1366లో జరిగిన యుద్ధంలో ఫిరంగులు వాడారని పారశీక భాషా చరిత్రకారుడు ఫిరిస్తా రాశాడు. కాని ఆయన ఆ యుద్ధం జరిగిన రెండు శతాబ్దాలకు పైగా గడిచిన తర్వాత రాసినవాడు కనుక చరిత్రకారులు ఆ మాటను జాగ్రత్తగా తీసుకుంటారు. దక్కన్‌లో మందుగుండు కోటల ముట్టడిలో నిలకడగా కనిపించేది పదిహేనవ శతాబ్దపు చివరి భాగం నుంచే. అనవోతారెడ్డి కొండవీడు చేరింది పద్నాలుగవ శతాబ్దం మధ్యలో. రాని ఆయుధానికి భయపడి ఎవరూ రాజధానిని మార్చరు.

మరి కారణం ఏమిటని అడిగితే, నా అభిప్రాయం ఇది. ఓరుగల్లు వంటి కోటను నిలబెట్టడానికి గోడ ఒక్కటే చాలదు. ఆ గోడ పొడవునా మనుషులు కావాలి, బురుజుకొక నాయకుడు కావాలి, ఆ నాయకులు పిలిచిన వెంటనే తమ తమ సీమల నుంచి దండుతో రావాలి. కాకతీయుల నాయంకర వ్యవస్థ ఆ పని చేసింది. 1323 తర్వాత అంత విస్తారమైన రాజ్యం ఎవరికీ మిగలలేదు. ముసునూరి కాపయనాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి సాధించినప్పటికీ, ఆయన మరణంతో 1368 నాటికి ఆ ప్రాభవం ముగిసింది. మిగిలినవి చిన్న రాజ్యాలు; వాటికి ఉత్తరాన బహమనీల అశ్వబలం, తూర్పున గజపతులు, దక్షిణాన విజయనగరం. తక్కువ మందితో ఎక్కువ కాలం నిలవాలంటే, మనిషి చేయలేని పనిని కొండ చేత చేయించాలి. నిటారైన బండ ముందు గుర్రానికి విలువ లేదు.

ఒక్క సవరణ కూడా చెప్పాలి. కొండలెక్కడం 1323 తర్వాత కొత్తగా మొదలైనది కాదు. చాళుక్యుల కాలపు భువనగిరి కోట నున్నటి ఒకే బండ మీద ఉంది. గోల్కొండ గుట్ట మీద కాకతీయుల కాలంలోనే మట్టికోట ఉండేది. గిరిదుర్గం అన్ని దుర్గాల్లోకీ మేలైనదని మనుస్మృతి సైతం చెప్పింది. కాబట్టి కొండకోట అందరికీ తెలిసినదే. మారిందల్లా అది సరిహద్దు కాపలాకోట స్థాయి నుంచి రాజధాని స్థాయికి చేరడం.

రాతిపనివాడు:

మా ఇంట్లో మూడు తరాలుగా రాయి కొట్టే పని ఉంది. చరిత్ర నేను పెద్దగా చదువుకోలేదు కాని, కోటకు వెళితే గోడలను మాత్రం దగ్గరగా చూస్తాను. పై జవాబులోని మట్టిగోడ ప్రస్తావనకు కొంత జోడించాలనిపించింది.

ఓరుగల్లు రాతిగోడ నిజానికి సగం మట్టిగోడే. బయటివైపు కనిపించే పెద్ద పెద్ద నల్లరాళ్ళను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చారు. వాటి వెనుక మట్టిని దట్టించి లోపలివైపుకు ఏటవాలుగా దింపారు. ఆ ఏటవాలు మీద రాతిమెట్లు పరిచారు. మెట్లంటే ఎక్కడో ఒక మూలన ఉండేవి కావు. గోడ వెంబడి చాలా దూరం సాగుతూనే ఉంటాయి. ఏ చోట దాడి జరిగినా ఆ చోటికి దిగువనున్న సైనికులు చుట్టూ తిరిగి రానక్కరలేకుండా సూటిగా అలంగం (కోటగోడ పైభాగం) మీదికి ఎక్కవచ్చు. నేను మొదటిసారి ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఈ ఏర్పాటు ఆలోచించిన మనిషి యుద్ధాన్ని కళ్ళారా చూసి ఉంటాడనిపించింది.

సున్నం లేని కట్టుబడికి ఒక గుణం, ఒక దోషం ఉన్నాయి. గుణం ఏమిటంటే, పెద్ద దెబ్బ తగిలినా వెనుక మట్టి ఆ అదురును పీల్చుకుంటుంది, రాయి కొద్దిగా కదిలి మళ్ళీ తన బరువుతోనే కుదురుకుంటుంది. దోషం ఏమిటంటే, అడుగున ఎవరైనా నిలబడి గునపంతో ఒక్క రాయిని లాగగలిగితే, పై రాళ్ళు ఒక్కొక్కటిగా కిందికి వస్తాయి. కాబట్టి అటువంటి గోడకు పాదమే ప్రాణం. పాదం దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదు.

ఇది రాయచూరులో నిజమైంది. రాయచూరు లోపలి కోటను 1294లో కాకతీయ సామంతుడు గోన గన్నయరెడ్డి తరఫున విఠలనాథుడు కట్టించాడు. ఆ సంగతి చెప్పే తెలుగు శాసనం ఒకే రాతి మీద ఉంది. ఆ రాయి పొడవు 41 అడుగుల 8 అంగుళాలు. గోడలో దూలంలా పడుకోబెట్టి ఉన్న ఆ రాతిని నేను రెండు గంటల పాటు చూశాను. దాని పక్కనే, అటువంటి రాతిని బండి మీద ఎక్కించి పశువుల వరుసలతో లాగించడం, మనుషులు చక్రాల దగ్గర సాయం పట్టడం చెక్కి ఉంది. రాజుల బొమ్మలు చెక్కించుకున్న కోటలు చాలా ఉన్నాయి కాని, రాయి మోసినవారి కష్టాన్ని గోడ మీదనే నిలిపిన కోట నాకు మరొకటి కనిపించలేదు. మా వృత్తివాళ్ళు ఎవరైనా అక్కడికి వెళితే చేతులు జోడిస్తారు.

సరిగ్గా 226 ఏళ్ళ తర్వాత, 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడించాడు. కోటలో పెద్ద ఫిరంగులు చాలానే ఉన్నాయని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అయితే అవి ఎత్తున ఉండడం వల్ల గోడ పాదానికి చేరినవారిని ఏమీ చేయలేకపోయాయి. రాయల సైనికులు గునపాలతో గోడ అడుగు రాళ్ళను లాగడం మొదలుపెట్టారు. పైనుంచి బాణాలు, రాళ్ళు పడుతుండగా ఆ పని చేయడానికి ఎవరైనా వెనుకాడతారు కనుక, లాగి తెచ్చిన రాయిని దాని పరిమాణాన్ని బట్టి పది మొదలుకొని యాభై పణాల వరకు ఇచ్చి దళనాయకులు కొనుక్కున్నారట. కోటగోడను ఒక్కొక్క రాయి చొప్పున కొనుక్కున్న ముట్టడి అది.

శాసనాల చదువరి:

రాతిపనివాడు గారు రాయచూరును ప్రస్తావించడం మంచిదైంది, ఎందుకంటే అసలు ప్రశ్నలోని ఫిరంగుల భాగానికి అక్కడే సమాధానం ఉంది. ఆ ముట్టడి ఫలితం తేలింది పెద్ద ఫిరంగులతో కాదు, చేతి తుపాకులతో. క్రిస్టోవావ్ ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసు నాయకుడు కొద్దిమంది తుపాకీవాళ్ళతో వచ్చి, అలంగం మీద తల ఎత్తినవారిని గురిచూసి కాల్చడం మొదలుపెట్టాడు. దాంతో గోడ అడుగున రాళ్ళు లాగేవారికి పైనుంచి బెడద తగ్గింది. ఏమి జరుగుతున్నదో చూద్దామని తొంగిచూసిన దుర్గాధిపతి నుదుట గుండు తగిలి మరణించాడు. మరునాడు కోట లొంగిపోయింది.

కోటలో ఉన్నవారి ఫిరంగులు పనికిరాకుండా పోవడం, బయటివారి చిన్న తుపాకులు పని పూర్తి చేయడం, ఈ రెండింటి నుంచీ దక్కన్ దుర్గనిర్మాతలు పాఠం నేర్చుకున్నారు. తర్వాతి కాలపు బురుజులు గుండ్రంగా, మరింత లావుగా, పైన ఫిరంగి ఎటు కావాలంటే అటు తిరిగేందుకు వీలైన అరుగుతో ఉంటాయి; గోడ అంచున ముందుకు పొడుచుకు వచ్చిన గూళ్ళలోనుంచి సూటిగా కిందికి కాల్చవచ్చు. పాత గోడకూ కొత్త గోడకూ తేడా తెలుసుకోవాలంటే ఎత్తు చూడనక్కరలేదు, గోడ పాదం పైవారి కంటికి కనిపిస్తుందో లేదో చూడాలి.

కొండవీటి చాంతాడు:

ఇప్పటివరకు అందరూ గోడలను గురించి మాట్లాడారు. నేను నీటిని గురించి మాట్లాడతాను. నా దృష్టిలో కొండకోట కథంతా నీటి కథే.

నేను పెట్టుకున్న పేరు అందరికీ తెలిసిన జాతీయం. ఏదైనా అంతులేకుండా సాగితే కొండవీటి చాంతాడంత అంటాము. ఆ కొండ మీది బావుల్లో నీరు అంత లోతున ఉండేది, తోడాలంటే అంత పొడవు తాడు కావలసివచ్చేది అని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. రెడ్డిరాజ్యం పోయి ఆరు వందల ఏళ్ళు కావస్తున్నా, ఆ కోటలో కాపురమున్న ఆడవాళ్ళ రోజువారీ శ్రమ ఒక్క మాటలో మన భాషలో నిలిచిపోయింది.

కొండవీటి మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులున్నాయి. ఒకదాని పొర్లు మరొకదానికి చేరేటట్టుగా ఎత్తుపల్లాలు చూసి కట్టలు వేశారు. చాలామంది పైకి వెళ్ళి బురుజుల దగ్గర ఫొటోలు తీసుకుని దిగి వస్తారు. నా మాట విని ఆ చెరువుల కట్టల మీద ఒక పూట నడవండి. కోట కట్టడానికి ఎంత తెలివి కావాలో, వానాకాలపు నీటిని బండల మీద ఆపి ఎండాకాలం దాకా నిలపడానికి అంతకు మించిన తెలివి కావాలి.

కొండకోటను బయటివారు ఎక్కలేకపోవడం ఎంత నిజమో, లోపలివారు దిగలేకపోవడం అంతే నిజం. ముట్టడి మొదలైన రోజున లోపల ఉన్న గింజ, నీరు తప్ప వేరే ఆధారం ఉండదు. 1513లో రాయలు ఉదయగిరిని చుట్టుముట్టినప్పుడు జరిగింది చూడండి. ఆ కోటకు ఒకే ఇరుకుదారి ఉండేదనీ, మనిషి వెంట మనిషి మాత్రమే పోగలిగేవారనీ, ఆకలితో మాడ్చడం తప్ప దాన్ని పట్టుకునే ఉపాయం లేదనీ న్యూనిజ్ రాశాడు. అయినా రాయలు ఊరికే కూర్చోలేదు. బండలు పగలగొట్టించి ఆ ఇరుకుదారిని వెడల్పు చేయించాడు, కొత్త దారులు వేయించాడు. ఏడాదిన్నర పట్టింది. ఏడాదిన్నర పాటు అంత దండును మెట్టసీమలో నిలబెట్టి పోషించగలిగినవాడి ముందు ఏ కొండ అయినా ఎంతకాలం నిలుస్తుంది? తర్వాత 1515 జూన్ 23న కొండవీడు కూడా ఆయన వశమైంది.

నన్ను ఎక్కువగా కలచివేసే ఉదాహరణ గుత్తి. చుట్టూ గుట్టల మీద చిన్న చిన్న కోటలు, వాటన్నిటినీ కలిపే గోడలు, అన్నిటికంటే పైన నిటారుగా నిలిచిన ప్రధాన కొండకోట. బండల్లో తొలిచిన బావులకూ దొనలకూ (రాతి నీటిగుంటలకూ) అక్కడ లెక్కలేదు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే దాన్ని ఏలుతుండగా హైదర్ అలీ ముట్టడించాడు. దిగువ పేట పడిపోవడంతో ప్రజలు పశువులతో సహా పైకి చేరుకున్నారు. సైన్యానికని లెక్కవేసి నింపుకున్న నీటిని ఊరంతా తాగవలసివచ్చింది. మురారిరావు సొమ్ము ఇస్తానని ఒప్పుకుని, పూచీగా ఒక యువకుణ్ణి హైదర్ శిబిరానికి పంపాడు. కోటలో ఇక మూడు రోజులకే నీరుందన్న సంగతి ఆ యువకుడి నోటి నుంచి జారింది. హైదర్ ఒప్పందాన్ని పక్కనపెట్టి ముట్టడిని మళ్ళీ బిగించాడు. 1776లో గుత్తి లొంగిపోయింది. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగా ఉంటూ కన్నుమూశాడు. గోడలు చెక్కుచెదరలేదు. ఫిరంగి గుండు కంటే ఆ ఒక్క మాట కోటకు ఎక్కువ చేటు చేసింది.

కోటబాట:

మీ అందరి జవాబులూ ఒకటికి రెండుసార్లు చదివాను. ఇప్పుడు నాకు గోల్కొండ విషయం అడగాలనిపిస్తోంది. అది కొండకోటా, నేలకోటా? గుట్ట మీద బాలాహిస్సార్ (పైకోట) ఉంది, కింద మైళ్ళ కొద్దీ గోడ ఉంది. నీటికి కూడా అది గుట్ట మీది దొనలను నమ్ముకున్నట్టు కనిపించదు. 1687లో ఎనిమిది నెలలు నిలిచిందంటే, ఫిరంగుల కాలానికి సరైన జవాబు దొరికింది అక్కడేనా?

బాలాహిస్సార్ మెట్లు:

గోల్కొండ రెండూను, అందులోనే దాని బలముంది. 120 మీటర్ల ఎత్తున్న నల్లరాతి గుట్ట మీది పాత కోటను బహమనీల నుంచి కుతుబ్‌షాహీలు అందుకున్నారు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో దిగువ ఊరంతటినీ చుట్టి రాతిగోడ లేచింది. దానికి 87 బురుజులు, ఎనిమిది దర్వాజాలు. ఊరినీ బజారునూ గోడ లోపలే ఉంచుకున్నది కనుక, గుత్తిలో వచ్చిపడిన ఇబ్బంది ఇక్కడ రాలేదు. నీటిని దుర్గం చెరువు నుంచి మట్టిగొట్టాల ద్వారా తెచ్చుకుని, చక్రాలతో అంచెలంచెలుగా గుట్ట పైకి ఎత్తేవారు. ఆ గొట్టాల ముక్కలు గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండాకాలపు మధ్యాహ్నం మెట్లెక్కుతూ ఒకచోట ఆగి ఆ గొట్టం మూతిని చేత్తో తడిమాను, లోపలంతా సున్నపు పొర పేరుకుని ఉంది. ఎన్ని ఏళ్ళ నీరు పారితే అంత పొర పేరుకుంటుందో ఆలోచించండి.

వాకిళ్ళ సంగతి చెప్పకపోతే గోల్కొండ వర్ణన పూర్తికాదు. బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ నిలబడి ఉంటుంది. ఏనుగు తలుపును కుమ్మాలంటే దూరం నుంచి పరుగెత్తుకు రావాలి. ఆ అడ్డుగోడ వల్ల పరుగుకు చోటు దొరకదు. తలుపులకున్న ఇనుప ముళ్ళు ఆ పైమాట.

ఈ కోట తన తప్పుల నుంచి నేర్చుకున్న కోట. 1656లో ఔరంగజేబు మొదటిసారి ముట్టడించినప్పుడు కోటకు వెలుపలనున్న ఒక మిట్ట మొఘలుల ఫిరంగులకు అనుకూలించింది. సంధి జరిగి వారు వెళ్ళగానే అబ్దుల్లా కుతుబ్‌షా చేసిన పని ఆ మిట్టను కూడా కోటలో కలుపుతూ కొత్త గోడ కట్టించడం. దాన్నే నయాఖిల్లా అంటాము. అక్కడ తొమ్మిది మడతలుగా ముందుకు ఉబికిన బురుజు ఒకటి ఉంది. మడత మడతకూ ఫిరంగి ముఖం వేరే దిక్కుకు ఉంటుంది కనుక, శత్రువు ఏ వైపు నుంచి వచ్చినా కనీసం రెండు మూడు ఫిరంగుల పరిధిలో పడతాడు. పై జవాబులో గోడ పాదం కనిపించాలని చెప్పిన సూత్రానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

1687లో ఔరంగజేబు తిరిగి వచ్చాడు. పెద్ద ఫిరంగులు తెచ్చాడు, సొరంగాలు తవ్వించాడు. కోటలోనివారు ఎదురు సొరంగాలు తవ్వి, మొఘలులు కూరిన మందును చాలావరకు తోడేసి, నీరు పోశారు. నిప్పంటించినప్పుడు ఆ పేలుడు మొఘల్ సైన్యం మీదికే విరుచుకుపడింది. వానలు, కరువు, రోగాలు ముట్టడించినవారినే ఎక్కువగా పీడించాయి. ఎనిమిది నెలల తర్వాత సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే అధికారి లంచానికి లోబడి దిడ్డివాకిలి తెరిచాడు. గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ కొద్దిమందితో ఎదురు నిలిచి ఒళ్ళంతా గాయాలతో పడిపోయాడు. తానాషా బందీ అయి దౌలతాబాదుకు తరలిపోయాడు.

మీరడిగిన ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, అవును, ఫిరంగులకు జవాబు గోల్కొండలో దొరికింది. తలుపు దగ్గర నిలబడిన మనిషి మనసుకు మాత్రం ఏ దుర్గశిల్పి దగ్గరా జవాబు లేదు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో రాయలు దుర్గాలను నమ్మకమైన విప్రుల చేతిలో ఉంచమని చెప్పడం వెనుక ఉన్న భయం ఇదేనని నేను అనుకుంటాను. సొంత బలగమూ రాజ్యకాంక్షా ఉన్నవాడి చేతిలో తాళపుచెవి పెట్టకూడదని ఆయన ఉద్దేశం.

శాసనాల చదువరి:

గోల్కొండ విషయంలో బాలాహిస్సార్ మెట్లు గారితో ఏకీభవిస్తాను. కాని ఫిరంగులకు జవాబు దొరికిందన్న మాటను తెలుగునేల అంతటికీ వర్తింపజేయకూడదు. గండికోటను చూడండి. ఒకవైపు పెన్న లోతుగా కోసుకుపోయిన లోయ, నిలువునా ఎర్రటి రాతిగోడ. ఆ వైపు మనిషి కట్టిన గోడ నామమాత్రమే. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఆ కోటను 1650లో కుతుబ్‌షాహీ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ళకు అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దాన్ని కర్ణాటక రాజ్యంలో మిక్కిలి బలమైన కోటల్లో ఒకటిగా పేర్కొన్నాడు; ఎక్కే దారి కొండను తొలిచి చేసినదని, పక్కనే భయం గొలిపే లోయ ఉన్నదని రాశాడు. ఆయన విన్న కథ ప్రకారం, మీర్ జుమ్లా కొలువులోని ఐరోపా ఫిరంగివాళ్ళు అదనపు జీతం ఆశతో నాలుగు ఫిరంగులను పైకి చేర్చి ద్వారం మీద గురిపెట్టడంతో లోపలివారు లొంగిపోయారు.

ఇక్కడ గమనించవలసింది లోయ వైపున ఏ లోపమూ లేకపోవడం. ప్రకృతి మూడు వైపుల కాపాడితే నాలుగవ వైపున ఉన్న ఒక్క వాకిలి మీద భారమంతా పడుతుంది. పద్నాలుగవ శతాబ్దంలో ఆ ఒక్క వాకిలి వరం. పదిహేడవ శతాబ్దంలో ఫిరంగిని అక్కడిదాకా ఎక్కించగల శత్రువు వచ్చాక అదే గురి అయింది. గెలిచిన మీర్ జుమ్లా వెంటనే అదే కోటలో ఫ్రెంచి నిపుణుడి చేత ఫిరంగులు పోత పోయించడానికి ప్రయత్నించడం చూస్తే, ఆ కోట బలం ఎక్కడ తప్పిందో అతనికి బాగా అర్థమైందని తెలుస్తుంది.

కోటబాట:

గండికోట లోయను రెండుసార్లు చూశాను కాని, వాకిలి వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. వచ్చే నెల రాయచూరు వెళుతున్నాను. రాతిపనివాడు గారికి ఒక చిన్న మనవి: కాకతీయుల నాటి రాతిని తర్వాతివారు సరిచేసిన భాగం నుంచి ఎలా గుర్తుపట్టాలి? ఓరుగల్లులో కూడా నాకు ఈ ఇబ్బంది కలిగింది.

రాతిపనివాడు:

మూడు చోట్ల చూడండి. ముందు అతుకు చూడండి. పాత కట్టుబడిలో రాయికీ రాయికీ మధ్య సున్నం ఉండదు, ఒక్కో రాయి మనిషి కంటే పెద్దది, అంచులు ఒకదాని ఒంపును మరొకటి పట్టుకున్నట్టు ఉంటాయి. సరిచేసిన భాగాల్లో రాళ్ళు చిన్నవి, మధ్యలో డంగు సున్నం కనిపిస్తుంది. తర్వాత రాయి అంచున వరుసగా చిన్న గుంతలున్నాయేమో చూడండి. బండను చీల్చడానికి ఉలితో గుంతలు తొలిచి ఇనుప చీలలు దిగ్గొట్టిన గుర్తులవి. గుంత ఎంత వెడల్పో, గుంతకూ గుంతకూ ఎంత దూరమో కొలిచి రాసుకుంటే, ఒకే గోడలో రెండు చేతుల పని ఎక్కడ మారిందో మీకే తెలుస్తుంది. మూడవది, ఓరుగల్లు వాకిళ్ళ వెలుపలి ఆవరణల్లో గోడ మధ్య అకస్మాత్తుగా ఒక పద్మమో, స్తంభపు ముక్కో, తలకిందులుగా ఉన్న లతో కనిపిస్తే, అది గుడి నుంచి తెచ్చి పెట్టిన రాయి. ఆ భాగం తర్వాతి కాలానిది.

రాయచూరు శాసనపు రాయి దగ్గరకు ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళకు వెళ్ళండి. నడిమధ్యాహ్నం వెళితే గీతలు వెలుగులో కలిసిపోయి, బండి లాగుతున్న పశువుల వరుస మీకు కనిపించదు.